చేపపిల్లల లారీకి ఛార్జింగ్ ఆగిన రోజు

మా ఆయన పాత లారీలో చేపపిల్లల్ని చెరువులకు తోలేవారు. వెనక రెండు పెద్ద ట్యాంకులు, వాటిలోకి గాలి కొట్టే చిన్న మోటారు ఉండేవి. ఆ మోటారు లారీ బ్యాటరీ మీదే తిరిగేది. అది ఆగిందంటే పిల్లలు నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతాయి.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి బండిలో ఛార్జింగ్ నిలవడం మానేసింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిను మూలుగుతూ బరువుగా తిరిగేది. ఏలూరులో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ముందు బ్యాటరీ మార్చాడు. తర్వాత బ్యాటరీని ఛార్జి చేసే డైనమో విప్పి వైండింగ్ చేయించాడు. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. "అతనికి పని రాదు, మన బండి మీద నేర్చుకుంటున్నాడు" అని మా ఆయన ఇంట్లో చిందులు తొక్కేవారు.

ఆ రోజు క్లీనరు రాలేదు. ఉంగుటూరు దగ్గర చేపపిల్లల్ని ఎక్కించుకుని ముదినేపల్లి వెళ్లాలి. తోడుగా నేను ఎక్కాను. ఏలూరులోకి వచ్చేసరికి స్టీరింగు ముందు ఛార్జింగ్ ఎర్రలైటు సన్నగా వెలిగింది.

"ఏవండీ, లైటు వెలుగుతోంది. ఒక్కసారి ఎలక్ట్రీషియన్ షాపు దగ్గర ఆపండి."

"మళ్లీ అతని దగ్గరికా? కాసేపట్లో వెళ్లిపోతాం, కూర్చో."

ఆయన బండి ఆపకుండా షాపు దాటించేశారు. కానీ కొల్లేటి రోడ్డెక్కాక ఉండబట్టలేక, పట్టుబట్టి బండి ఆపించి వెనక ట్యాంకుల మీదికెక్కాను. మోటారు నీరసంగా తిరుగుతోంది కానీ నీళ్లలో బుడగలు లేవు. పిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుంటున్నాయి.

"ఏవండీ! చచ్చిపోతున్నాయండీ!"

ఆయన ఇంజిను ఆపకుండానే దిగి చూశారు. డైనమో బెల్టు బిగువుగానే ఉంది. బ్యాటరీ టెర్మినళ్లు గీకి బిగించారు. ఏమీ మారలేదు. నేను బకెట్టు తీసుకుని, ట్యాంకులో నీళ్లు తోడి, ఎత్తుగా పట్టి మళ్లీ అందులోనే పోయడం మొదలుపెట్టాను. అలాగైనా కాస్త గాలి కలుస్తుందని ఆశ. ఒక ట్యాంకు దగ్గర పోస్తుంటే రెండోదానిలో తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. చేతులు పడిపోతున్నాయి. కింద ఆయన ఎలక్ట్రీషియన్‌ని ఫోనులో నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఫోను స్పీకర్లో ఉంది.

"తిట్టడం తర్వాతండీ, ఎక్కడున్నారో చెప్పండి" అన్నాడతను.

బైకు మీద వచ్చాడు. వస్తూనే పనిలోకి దిగాడు. మీటరు డైనమో దగ్గర పెడితే కరెంటు సరిగ్గానే ఉంది. బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి తగ్గిపోతోంది. అతను రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు.

"ఇదండీ. ఎర్త్ పట్టీని చిలుము తినేసింది."

ఇంజిన్నీ ఛాసిస్‌నీ కలిపే రాగి పట్టీ అది; బ్యాటరీకి కరెంటు దాని గుండానే అందాలి. ట్యాంకుల్లోంచి కారే నీళ్లు రోజూ దాని మీదే పడి, రాగి పచ్చటి పొడైపోయి, నాలుగు పోగులే మిగిలాయి. "పైనంతా వెతికాను గానీ కింద చూడలేదండీ. తప్పు నాదే" అంటూనే మరో వైరు కట్టాడు. మోటారు ఒక్కసారిగా జోరందుకుంది. ట్యాంకుల్లో బుడగలు పొంగాయి.

మా ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ముదినేపల్లిలో చెరువు రైతు రెండో ట్యాంకులోకి తొంగిచూసి, తేలిన పొట్టల్ని చేత్తో పక్కకు తోశాడు. "వీటి కోసమే చెరువు బాగుచేయించి కూర్చున్నానండీ" అన్నాడు. బతికినవాటిని చెరువులో వదిలాం. అవైనా ఎన్ని నిలుస్తాయో చెప్పలేనన్నాడు. చచ్చినవాటిని బుట్టలకెత్తి గట్టు పక్కన పూడ్చాం. చేతులు ఎంత కడుక్కున్నా నీచు వాసన పోలేదు. తెచ్చుకున్న అన్నం విప్పనేలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఏలూరులో ఆయన లారీ ఆపి ఎలక్ట్రీషియన్ షాపులోకి వెళ్లారు. నేను కేబిన్లోంచి చూశాను. ఇద్దరూ తలలు వంచుకుని నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత ఆయన మళ్లీ చేపపిల్లల కిరాయి ఒప్పుకోలేదు. ఇప్పుడు తాడేపల్లిగూడెం మిల్లులకు ధాన్యం తోలుతున్నారు. చెరువుల వాళ్లెవరైనా ఫోను చేస్తే, బండి ఖాళీ లేదని నాచేతే చెప్పిస్తారు.