చెప్పబాక

నేను దిగినప్పుడు సరిహద్దు కనిపించలేదు. జనవరి నెల. పొగమంచు. బీహారులో చివరి రైల్వే స్టేషన్ నుంచి ట్రక్కులో గంటకు పైగా ప్రయాణం. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, వాటి మీద కోటు, కళ్లు తప్ప అన్నీ మూసేసే మంకీ క్యాపు. భుజాన రైఫిలు, చేతిలో ఇనప ట్రంకు పెట్టె. దిగమన్నారు, దిగాను. నేపాల్ ఎక్కడుందని డ్రైవర్ని అడిగితే, "దాని ఎదురుగానే నిలబడ్డావు" అన్నాడు. నాకు ఒక వెదురు గేటు, దాని మీద ఒక కాకి కనిపించాయి. అంతే.

అల్లూరులో నన్ను మిలిటరీ శీనయ్య అంటారు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, "యుద్ధం చూసినావా అన్నా?" అని మొదలుపెడతారు. చూడలేదయ్యా. సరిహద్దు దళంలో చేరాను, చేసినన్నాళ్లు చేశాను, రిటైరయ్యాను. యుద్ధం రాలేదు, సంతోషం. "పోనీ ఎవర్నన్నా పట్టుకున్నావా?" అంటారు. పట్టుకున్నాను. ఒక మాటను పట్టుకున్నాను. అది నెల్లూరు మాట. ఆ సంగతి చెబుతాను, మధ్యలో ఎవరూ అడ్డం రావొద్దు.

ఆ సరిహద్దుకు కంచె లేదు. ఆవచేల మధ్య అక్కడక్కడా తెల్ల రాతి స్తంభాలు. ఇటువైపు మనం, అటువైపు వాళ్లు, మధ్యలో ఎవరిదీ కాని కొద్దిపాటి నేల. ఇటువాళ్లు అటు పెళ్లికి పోతారు, అటువాళ్లు ఇటు సంతకు వస్తారు. మా పోస్టు అంటే రేకుల షెడ్డు, ఒక గుడారం, రెండు బల్లలు, ఒక వైర్‌లెస్ సెట్టు. మనుషులం పన్నెండు మందిమి. దక్షిణాది వాణ్ని నేనొక్కణ్నే. అందుకని నాకు పేరు లేదు. ఇన్‌స్పెక్టర్ సాబ్ నుంచి వంటవాడి దాకా అందరికీ నేను మద్రాసీనే. "ఒరే నాయనా, నాది నెల్లూరు, మద్రాసు కాదు" అని మొదటి వారం కొట్లాడాను. "నెల్లూరు మద్రాసులో ఏ వైపుంది?" అని వంటవాడు అడిగాక నోరు మూసుకున్నాను. ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

మొదటిరోజే ఇన్‌స్పెక్టర్ సాబ్ మమ్మల్ని నిలబెట్టి ఆర్డర్లు చెప్పాడు. నకిలీ నోట్లు, మత్తు మందు, లెక్క చెప్పలేని నగదు. ఈ మూడూ చూడాలి. నగదు గురించి ఆయన విడమరిచి చెప్పాడు. "డబ్బు తీసుకెళ్లడం నేరం కాదు. మన వంద నోట్లు, అంతకన్నా చిన్నవి, నేపాల్‌కు ఎన్నైనా తీసుకెళ్లొచ్చు. పెద్ద నోట్లకు మనవైపు ఒక హద్దుంది. అవతలివైపు పెద్ద నోటు అసలు చెల్లదు. ఎంత ఉన్నా, ఎక్కడిదో చెప్పగలగాలి. దాచినవాడికే చిక్కు." అవి అప్పటి రూల్సు. అవి మారుతుంటాయి, కాబట్టి నా మాట పట్టుకుని ఎవరూ బయల్దేరబాకండి, ముందు కనుక్కోండి.

ఆ ఉదయం గేటు దగ్గర డ్యూటీ నాది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించనంత మంచు. మంచులోంచి ఒక రిక్షా వచ్చి ఆగింది. మొగుడూ పెళ్లామూ దిగారు. ఇద్దరూ నేపాలీలు, నలభై ఏళ్ల లోపు వాళ్లు. అతని భుజాన చుట్టిన బొంత. ఆమె చేతిలో, శాలువా కింద, ఒక ప్లాస్టిక్ సంచి, మూతి తాడుతో బిగించి ఉంది. అడిగిందే తడవు, ఆమె సంచి బల్ల మీద పెట్టి తనే విప్పింది. లోపల వంద నోట్ల కట్టలు, మూతి దాకా. అంత డబ్బు ఒకచోట నేనెప్పుడూ చూడలేదు.

నేను విజిల్ ఊదాను. వైర్‌లెస్ ఆపరేటర్ సెట్టు అందుకుని, ఆ వేళ సాబ్ ఉన్న పక్క పోస్టును పిలిచాడు.

"గేటు దగ్గర నగదు. పెద్ద మొత్తం. సాబ్‌ని పంపండి. ఓవర్."

"పరారయ్యారా? ఓవర్."

"లేదు, చలికి వణుకుతున్నారు. ఓవర్."

ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చాడు, వెంట లేడీ కానిస్టేబుల్. ఆయన ఒక కట్ట విప్పి నోట్లను టార్చి వెలుగులో చూశాడు. మొహం ముడుచుకున్నాడు. నోటు నాలుగు మడతలు పెట్టి మళ్లీ చదును చేసినట్టుంది. ఒకటి కాదు, కట్టలో సగానికి సగం అంతే, ఎక్కడెక్కడో దాచి పోగేసినట్టు.

"ఎక్కడ సంపాదించారు?" అని హిందీలో అడిగాడు.

"మద్రాస్‌లో సాబ్" అన్నాడు మొగుడు.

"టికెట్టు చూపించు."

చూపించాడు. ఎక్కింది నెల్లూరులో.

"నోరు మద్రాస్ అంటోంది, టికెట్టు నెల్లూరు అంటోంది. ఏది నిజం?"

అతను బిక్కచచ్చిపోయాడు. వాళ్ల ఊళ్లో దక్షిణానికి పనికి పోయిన ప్రతివాడూ మద్రాస్ పోయినట్టే లెక్క. ఆ ఒక్క మాట వాళ్ల కొంపకు నిప్పు పెట్టబోతోందని అతనికి తెలియదు. ఆమె వచ్చీరాని హిందీలో మొత్తుకుంది. రొయ్యల దగ్గర రెండేళ్లు పని చేశాం, ఈ డబ్బుతో మా పొలంలో చెరువు తవ్వుకుంటాం, నీళ్లు నిలిచే చేను, వరి రాదు, చేపలు వేస్తాం, అంతే సాబ్, అని. కస్టమ్స్ వాళ్లకు కబురు పెట్టమన్నాడు సాబ్. అనుమానం రాసి అప్పగిస్తే డబ్బు జప్తు అవుతుంది. విడిపించుకోవాలంటే నెలల తరబడి తిరగాలి. వాళ్ల మొహాలు చూస్తే తిరిగే ఓపిక ఉన్నవాళ్లలా లేరు.

అప్పుడు ఆమె మొగుడి వైపు తిరిగింది. నేపాలీ ఆ పోస్టులో చాలామందికి తెలుసు, అందుకని మాకు అర్థం కాకూడదని భాష మార్చింది.

"ఆ బొంత సంగతి మాత్రం చెప్పబాకయ్యా. వీళ్లకేం తెలవదులే. నువ్వు వొణకబాక."

నా చెవులు నేనే నమ్మలేదు. నేపాలీ ముక్కు, నేపాలీ శాలువా, నేపాల్ గేటు ముందు నిలబడి, మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడుతోంది! తెలుగు కావచ్చు, హైదరాబాదులో ఎక్కడో నేర్చుకుని ఉండొచ్చు అనుకోవడానికి కూడా లేదు. చెప్పబాక! పోబాక, ఏడవబాక అనేది ఈ భూమ్మీద మనమే. పక్క జిల్లాకు పోతే అదే మాట చెప్పమాక అయిపోతుంది. ఆ క్షణంలో నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వెంటనే భయం వేసింది. ఎందుకంటే బొంత సంగతి ఆ పోస్టు మొత్తం మీద తెలిసింది నాకొక్కడికే.

"మద్రాసీ, ఏమంటోంది?" అన్నాడు సాబ్. ఆయన నా కళ్లు చూసినట్టున్నాడు. మంకీ క్యాపులో కనిపించేవి అవే కదా.

చెబితే వాళ్ల చెరువు పోయినట్టే. చెప్పకపోతే నేను తొడుక్కున్న యూనిఫాం ఎందుకు?

"సాబ్, ఆమెకు ఇంకా చెప్పాల్సింది ఉంది. తనే చెబుతుంది. ఒక్క నిమిషం ఇప్పించండి" అన్నాను.

"ఒక్క నిమిషం" అన్నాడు, గడియారం చూసుకుంటూ.

నేను మంకీ క్యాపు తీశాను. "ఏమ్మా, యా ఊళ్లో పన్జేసినారు మీరు? ఇస్కపల్లి వైపా, అల్లూరా?"

ఆమె చెయ్యి నోటికి పోయింది. "యేసయ్యా!" అంది. మొగుడు బొంతను గట్టిగా కౌగిలించుకున్నాడు, అందులో ఏదో ఉందని వేరే చెప్పాలా.

"అల్లూరే అన్నా. ఎస్తేరమ్మ గారి గుంటల కాడ. ఈయన మేత ఏసేది, నేను వంట. నన్ను మాయమ్మ అంటారు. ఈయన పేరు హర్క, ఊరంతా గూర్ఖా గూర్ఖా అంటారు గానీ." రొయ్యల చెరువును గుంట అంది. ఇంక నాకు సాక్ష్యం అక్కర్లేదు. కానీ సాబ్‌కు కావాలి.

"ఇను తల్లీ. బొంతలో ఏముందో నాకు తెలవదు. అది నేను చెప్తే దొంగసొమ్మవతాది. నువ్వు చెప్తే నీ కష్టమవతాది. నీ నోటితో చెప్పు."

"చెప్తే పోతాదేమో అన్నా! అయి అయిదొందల నోట్లు. ఆడ చెల్లవంట. వందలు దొరక్క అమ్మగారు ఆఖర్న అయ్యిచ్చినారు. పట్టుకుంటారని కుట్టేసినా."

"చెప్పకపోతేనే పోతాది."

ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మాలా వద్దా అన్న చూపు. యూనిఫాం వేసుకున్నవాడు మన భాష మాట్లాడితే నమ్మకం పెరుగుతుందో భయం పెరుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఆమె మొగుడి చేతిలోంచి బొంత లాక్కుంది. బల్ల మీద పరిచి, కుట్టు దగ్గర పళ్లతో కొరికి, బర్రున చించింది. దూదితో పాటు ఒక చిన్న మూట బయటపడింది. దాన్ని రెండు చేతులతో సాబ్ ముందు పెట్టి, "ఇది కూడా మాదే సాబ్" అంది.

సాబ్ మూట విప్పి నోట్లు చూశాడు. "వీళ్ల యజమానికి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు" అన్నాడు.

ఎస్తేరమ్మ గారు అల్లూరులో అందరికీ తెలిసిన మనిషే. భర్త పోయాక గుంటలు తనే చూసుకుంటోంది. మాయమ్మ నంబరు చెప్పింది, నేను చేశాను.

"ఎవురు?"

"అక్కా, నేను శీనయ్యని. మిలిటరీలో ఉండా."

"ఏ శీనయ్య? రైసు మిల్లు వీధి శీనయ్యా? మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గినాయా?"

"తగ్గినాయక్కా..."

"ఆమెని మెట్లెక్కబాకని చెప్పు. చెప్తే ఇనదు."

సాబ్ చేత్తో తొందర చేస్తున్నాడు. నేను విషయం చెప్పాను. అటువైపు గొంతు ఒక్కసారిగా లేచింది. "ఏందీ, మా మాయమ్మని పట్టుకున్నారా? ఆ డబ్బు నేనిచ్చిందే శీనా! నెలనెలా నా కాడే దాచిపెట్టుకున్నారు. బ్యాంకులో పంపుకోమంటే కాయితాలని భయపడినారు. వందలే కావాలన్నారు. బ్యాంకులో అడిగినా, చేపల మార్కెట్లో అడిగినా, చాలకపోతే పాస్టరు గారికి చెప్పి వారం వారం చర్చి కానుకల్లో వందలన్నీ మార్చుకొచ్చినా. కానుక సంచిలో ఎవురన్నా నోటు ఇప్పి ఏస్తారా? నాలుగు మడతలు పెట్టి ఏస్తారు. అయ్యన్నీ పక్కమీద పెట్టి చేత్తో సాపు చేసినాం, నేనూ మాయమ్మా."

నేను హిందీలో చెప్పాను. సాబ్ విప్పిన కట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మడతల మీద వేలితో నిమిరాడు. ఆయన మొహం విప్పుకోవడం నేను చూశాను.

"మాయమ్మకియ్యి ఫోను" అంది ఎస్తేరమ్మ గారు. ఇచ్చాను. "ఏమ్మే, బొంతలో కుట్టబాకని చెప్పినానా లేదా?"

మాయమ్మ ఏడుస్తూ నవ్వింది. ఇది కూడా హిందీలోకి మార్చి చెప్పాను. సాబ్ పకపకా నవ్వాడు. లేడీ కానిస్టేబుల్ టీ తెప్పించింది.

కస్టమ్స్ ఆయన వచ్చాడు, నోట్లు పరీక్షించాడు, ఇద్దరి చేతా చెప్పించుకుని కాగితం రాసిచ్చాడు. వందలకు అడ్డు లేదు. అయిదొందలు మనవైపు హద్దులోపలే ఉన్నాయి, కానీ అవతల చెల్లవు. లేడీ కానిస్టేబుల్ వాళ్లను బజారులో బ్యాంకుకు తీసుకెళ్లి అవీ మార్పించింది. "అవతల గేటు దగ్గర కూడా అడక్కముందే చెప్పండి, ఈ కాగితం చూపించండి" అని సాబ్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నెల్లూరూ, గేటు ఎత్తు" అన్నాడు.

నెల్లూరూ అన్నాడు! ఆ పోస్టులో ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎవరూ నన్ను మద్రాసీ అనలేదు. వంటవాడు తప్ప.

నేను గేటు ఎత్తాను. హర్క నాకు సెల్యూట్ చేయబోయి, వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, "పోతుండాం సార్" అన్నాడు.

మాయమ్మ అతని వీపు మీద ఒక్కటిచ్చింది. "పోతుండాం అనబాకయ్యా! పోయొస్తాం అనాల!"

"పోయొస్తాం సార్" అన్నాడు.

"పోయి రండి" అన్నాను.

ఆ పోస్టు నుంచి వేరే పోస్టుకు, అక్కణ్నుంచి ఇంకోచోటికి తిరిగి, చివరికి అదే ఇనప ట్రంకు పెట్టెతో అల్లూరు బస్టాండులో దిగాను. ఇంటికి పోకుండా ముందు ఎస్తేరమ్మ గారి గుంటల దగ్గరికి నడిచాను. ఆమె గట్టు మీద నిలబడి మేత వేసేవాణ్ని తిడుతోంది. నన్ను చూసి, పలకరింపు కూడా లేకుండా, "మాయమ్మోళ్లు గుంట తవ్వినారంట శీనా. చేప పిల్లల్ని ఏసినారంట. ఆ ఊరోళ్లకి కూడా గుంట అనే మాట నేర్పించిందంట" అంది. ఇద్దరం గట్టు మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం.

సర్వీసులో చాలా చూశాను. చాలావరకు మర్చిపోయాను. ఒక్కటి మాత్రం కళ్లు మూసినా తెరిచినా పోదు. మంచు కొద్దిగా విడుతోంది. ఎవరిదీ కాని నేల మీద ఇద్దరు నడిచిపోతున్నారు. మొగుడి భుజాన చిరిగిన బొంత, అందులోంచి దూది రాలుతోంది. పొద్దున శాలువా కింద భయంభయంగా పట్టుకొచ్చిన సంచిని ఆమె ఇప్పుడు అందరికీ కనిపించేలా నెత్తిన పెట్టుకుంది, ఆ శాలువానే కింద చుట్టగా చుట్టి. చేత్తో పట్టుకోను కూడా లేదు. రెండు చేతులూ ఊపుకుంటూ, తలెత్తుకుని, తన ఊరికి నడిచిపోతోంది.