గుడ్లప్పగించిన ప్రార్థన

ముందుగా నా తెలివితక్కువతనం గురించి చెప్పేస్తాను. అది దాస్తే దాగేంత చిన్నది కాదు. ఆశ్చర్యపోయినవాళ్ళు గుడ్లప్పగించి చూస్తారు. నేను చూడకుండానే గుడ్లప్పగించాను. అవి కోడిగుడ్లు. బడి వరండాలో మొదలుపెట్టి కంపెనీ క్యాంటీన్ దాకా అప్పగిస్తూ వచ్చాను. పైగా చాలాకాలం వాటిని దేవుడే తీసుకుంటున్నాడని నమ్మాను.

మా అమ్మ శామీర్‌పేట దగ్గర ఒక కోళ్ళఫారంలో పనిచేసేది. పగిలిన గుడ్లను పనివాళ్ళు ఇంటికి తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో కూరంటే ఆ పగిలిన గుడ్లే. నా డబ్బాలోకి మాత్రం దుకాణంలో కొన్న మంచి గుడ్డు ఉడకబెట్టి, పెంకు తీసి, కత్తితో గాట్లు పెట్టి, ఆ గాట్లలో ఉప్పూ కారం అద్దేది. కొడుకు డబ్బాలో పగిలిన గుడ్డు పెట్టలేదన్నది ఆమెకున్న ఒకే ఒక గొప్ప. అంతే గట్టిగా ఇంకో మాట చెప్పేది. కళ్ళు మూసి ప్రార్థన చేయకుండా ముద్ద నోట్లో పెట్టకూడదని. దానికి కారణం మా సండే స్కూల్ టీచరమ్మ చెప్పింది. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే అందులోంచి సైతాను లోపలికి వస్తాడట. కళ్ళు మూస్తే డబ్బాలోకి వస్తాడన్న సంగతి మాత్రం ఆమె చెప్పలేదు.

మేడ్చల్‌లో మా బడి. మధ్యాహ్నం వరండాలో వరసగా కూర్చునేవాళ్ళం. నేను డబ్బా మూత తీసి, కళ్ళు మూసి, అమ్మ నేర్పిన ప్రార్థన ఒక్క మాట మింగకుండా పూర్తి చేసేవాణ్ణి. కళ్ళు తెరిస్తే అన్నం ఉండేది, పప్పు ఉండేది, గుడ్డు ఉండేది కాదు. మొదట్లో అమ్మ పెట్టడం మరిచిపోయిందనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం మా చర్చి పాస్టరు అయ్యగారు దశమభాగం గురించి ప్రసంగం చేశారు. అప్పుడు నాకు అంతా అర్థమైపోయింది. అమ్మ జీతంలోంచి పదో వంతు ఇవ్వడం కుదరని పని కాబట్టి దేవుడు సరుకు రూపంలో పట్టుకుపోతున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా వరండాలో పిల్లి కళ్ళు మూసుకునేది, పాలు పక్కవాళ్ళు తాగేవాళ్ళు.

సాయంత్రం అమ్మ అడిగేది, గుడ్డు తిన్నావా అని. తిన్నాననేవాణ్ణి. లేదంటే తానే మరిచానని తన్ను తాను తిట్టుకుంటుంది. చివరికి ఒకరోజు ఆమెన్ కాస్త ముందుగా అయిపోయి కళ్ళు తెరిచేసరికి, పక్కవాడి పెదాల మీద పచ్చసొన కనిపించింది. దేవుడికి పచ్చసొన అంటుకునే పెదాలుండవని ఆ వయసులో కూడా నాకు తెలుసు. కానీ అప్పటికే గుడ్డు పెట్టడం అమ్మకూ, పోగొట్టుకోవడం నాకూ అలవాటైపోయాయి.

నాకు మీసాలు వచ్చాయి, మేడ్చల్‌లో మందుగోళీలు అట్టల్లో నింపే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. గుడ్డు రావడం మాత్రం ఆగలేదు. శామీర్‌పేట నుంచి బస్సులోనూ, ఆ తర్వాత షేర్ ఆటోలోనూ నా ఒళ్ళో కూర్చుని అది కూడా డ్యూటీకి వచ్చేది.

మా సూపర్‌వైజరు రావల్‌కోల్ వైపు భూములున్న ఇంటివాడు. పొలాలన్నీ ప్లాట్లయ్యాక ఆయనకు ఉద్యోగం అవసరం కాదు, కాలక్షేపం. ఆ కాలక్షేపంలో నేనొక భాగం. నా చేతిలో బైబిలు చూసిన మొదటిరోజే నాకు అయ్యగారు అని పేరు పెట్టాడు. మిషన్ ఆగిపోతే మెకానిక్ కంటే ముందు నన్ను పిలిచేవాడు, దాని నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమని. ఆదివారం ఓవర్‌టైమ్‌కు అందరికంటే ముందు నా పేరే రాసేవాడు. గుడికి పోయేవాళ్ళకు పండగ సెలవు అడగకుండానే దొరికేది. నేను గుడ్‌ఫ్రైడేకు సెలవడిగితే, చచ్చినరోజును గుడ్ అంటారేంది మీవాళ్ళు, అని అందరి ముందూ వివరణ అడిగాడు. నేను వివరించడం మొదలుపెట్టాను. అదీ నా తెలివి. నేను సగంలో ఉండగానే ఆయన సీటులోంచి లేచి వెళ్ళిపోయాడు. సెలవూ ఆయన వెంటే వెళ్ళిపోయింది.

క్యాంటీన్లో అందరం ఒకే పొడుగు టేబుల్ దగ్గర తినేవాళ్ళం. నేను తల వంచగానే సూపర్‌వైజరు గొంతు తగ్గించి అనేవాడు, నాకు వినిపించేంత మాత్రమే తగ్గించి.

"అయ్యగారు కన్ను మూసిండు. జల్దీ గానియ్యిండ్రి."

టేబుల్ మొత్తం కిసకిస నవ్వేది. అలా రోజూ ఒంటిగంటకు నేను కన్నుమూసేవాణ్ణి, ఆమెన్ అనగానే లేచేవాణ్ణి. మా ప్రభువుకు మూడో దినం దాకా పట్టిన పని నాకు ఒక్క నిమిషంలో అయిపోయేది. తేడా ఏమిటంటే, నేను లేచేసరికి గుడ్డు ఉండేది కాదు.

గుడ్డి కన్నా మెల్ల మేలంటారు కదా. ఒకరోజు ప్రార్థన మధ్యలో ఒక కన్ను సగం తెరిచాను. ఆకలేసిన కుర్రవాడెవడో తీస్తున్నాడని అప్పటిదాకా నా ఊహ. ఆ ఊహలో నాకు కొంత పుణ్యం కూడా ఉండేది. కనిపించింది సూపర్‌వైజరు చెయ్యి. ఆయన డబ్బాలో మటన్ ఉంది. అమ్మ గాట్లు పెట్టి కారం అద్దిన గుడ్డును ఆయన రెండు వేళ్ళతో ఎత్తి, కిటికీలోంచి క్యాంటీన్ కుక్కకు వేశాడు. కుక్క దాన్ని నమలనైనా నమల్లేదు.

నేను కన్ను మళ్ళీ మూసేశాను. దొంగను చూస్తే అరవాలి. జీతం కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి చూసి ఏమని అరుస్తాను? ప్రార్థన మళ్ళీ మొదటినుంచి చేశాను. భోజనం ఇచ్చినందుకు వందనాలు అన్నచోట నోరు కాస్త తడబడింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఎప్పటిలాగే అడిగింది.

"గుడ్డు తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

అమ్మ పొయ్యిలోకే చూస్తూ అంది. "ఇయ్యాల గుడ్డు పెట్టనేలేదు బిడ్డా."

నా గుడ్డు క్యాంటీన్లో పోతోందని ఫారంలో ఎవరో ఆమెకు చెప్పారు. మా కంపెనీలో పనిచేసేవాడి భార్య కూడా అక్కడే పనిచేస్తుంది. అమ్మ నన్ను తిట్టలేదు. అన్నం వడ్డించింది. చెయ్యి కడుక్కున్నాక నేనే అడిగాను, కళ్ళు తెరిచి ప్రార్థన చేస్తే దేవుడు వినడా అని.

"వింటడు," అంది. "నువ్వు భయపడి తెరిచినవని గూడ ఆయనకు తెలుస్తది. గాళ్ళు గుడ్డు దీస్కుంటె దీస్కోనియ్యి. నీ కండ్లు మాత్రం తెరిపియ్యనియ్యకు."

అలా చెప్పిందే గానీ, గుడ్డును అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. మర్నాటినుంచి దాన్ని అన్నం అడుగున పెట్టి, పైన అన్నం కప్పి, చెంచాతో నున్నగా సర్దడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు అది దక్కింది. బడిలో చేరిననాటి నుంచి నా డబ్బాలో ఉన్న గుడ్డు రుచి నాకు అప్పుడే తెలిసింది. ఉప్పు నిజంగానే సరిపోయేది. తర్వాత సూపర్‌వైజరుకు అనుమానం వచ్చింది. నేను కళ్ళు మూసుకుని ఉండగా వేళ్ళు అన్నంలోకి దిగిన చప్పుడు విన్నాను. చప్పుడు చేసేది కాదు అన్నం, కానీ నాకు వినిపించింది. కళ్ళు తెరిచేసరికి డబ్బా మధ్యలో గుంట. మా మతంలో ఖాళీ సమాధి శుభవార్త. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా అది శుభవార్తే అయింది. ఆయన తవ్విన అన్నమే నేను తిన్నాను. ఇంకో అన్నం లేదు.

చలికాలంలో అమ్మకు దగ్గు పట్టుకుంది. ఫారం దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు డాక్టరు. పని మానేసింది, గుడ్డు మానలేదు. తెల్లవారుజామున లేచి, దగ్గుకుంటూ, గోడకు ఆనుకుని పెంకు తీసేది. ఒద్దంటే వినేది కాదు. వాళ్ళు కుక్కకు వేస్తారమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుక్క సంగతి ఆమెకు చెప్పిందో లేదో ఆ ఫారం ఆవిడ, నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఉదయం నేను లేచేసరికి పొయ్యి వెలిగి లేదు. పొయ్యి మీద గిన్నె ఉంది, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో గుడ్డు. అగ్గిపెట్టె అమ్మ చేతిలో ఉంది. ఆమె గోడకు ఆనుకునే ఉంది.

షిఫ్టుకు ముందే చెప్పకపోతే గైర్హాజరు వేస్తారు. ఆ స్థితిలో కూడా నాకు ఆ సంగతి గుర్తుంది చూడండి. సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను. ఏడుపులో మాటలు వెతుక్కునే ఓపిక ఉండదు. మా ఇళ్ళల్లో ఎవరు పోయినా అనే మాటే నోటికి వచ్చింది.

"సార్, మా అమ్మ కన్ను మూసింది."

అవతల నుంచి ఆయన గొంతు, తీరిగ్గా.

"మీ ఇంట్ల అందరికీ గదే అలవాటా అయ్యగారూ? ఎంతసేపటికి తెరుస్తదంట?"

ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంచాడు. వెనక నైట్ షిఫ్టువాళ్ళ నవ్వు వినిపించింది, మిషన్ల చప్పుడు వినిపించింది.

"ఇగ తెరవది సార్," అన్నాను. అప్పుడు కూడా సార్ అన్నాను.

ఒకరోజు సెలవిచ్చాడు. మర్నాడు లోడు ఉందన్నాడు. సాయంత్రానికి సమాధి అయిపోయింది. మా సంఘంవాళ్ళు పాటలు పాడారు. నేల రాతినేల, పారలు ఖంగుమంటుంటే పాటలు మధ్యమధ్యలో ఆగేవి. కంపెనీ వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజరు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాడు. దాని కింద ఎవరో కళ్ళు మూసుకున్న బొమ్మ పెట్టారు. దాని కింద ఇంకెవరో నవ్వుతున్న బొమ్మ పెట్టి, వెంటనే తీసేశారు. తీసేలోపు నేను చూశాను. ఆ ఒక్క విషయంలో నా కళ్ళు సరైన సమయానికి తెరిచి ఉన్నాయి.

మర్నాడు డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు తీసుకుపోయాను. తల వంచి కళ్ళు మూశాను. ఎవరూ ఏమీ తీయలేదు, తీయడానికేమీ లేదు. ఆమెన్ అన్నాక సూపర్‌వైజరు నా డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఏంది అయ్యగారూ, ఇగ గుడ్లు బందా? పాపం, కుక్క ఎదురుచూస్తాంది."

ఆ తర్వాత కూడా రోజూ కళ్ళు మూస్తూనే వచ్చాను. భక్తి అనుకునేరు. అంత లేదు. అమ్మ నా దగ్గర వదిలిపోయింది ఆ ఒక్క మాటే, కళ్ళు తెరిపియ్యనియ్యకు అని. దాన్ని కూడా వాళ్ళు తీసుకుపోతే నా దగ్గర ఇంకేమీ మిగలదు.

ఎండాకాలంలో సూపర్‌వైజరుకు ప్రమోషన్ వచ్చింది. క్యాంటీన్లో దావత్ ఇచ్చాడు. బిర్యానీ తెప్పించాడు, ప్రతి పళ్ళెంలో ఒక ఉడికిన గుడ్డు. ఎప్పుడూ మా టేబుల్ దగ్గరికి రాని ప్లాంట్ మేనేజరు కూడా ఆ రోజు వచ్చి కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ముందు ఒక తమాషా చూపించాలని సూపర్‌వైజరుకు సరదా పుట్టింది. నన్ను తెచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"సార్, మా తాన ఒక అయ్యగారున్నడు. తినేముంగట ప్రార్థన జేస్తడు. ఇయ్యాల మనందరి కోసం జెయ్యమందాం."

నవ్వడానికి టేబుల్ సిద్ధంగా ఉంది. మేనేజరుకు మాత్రం అందులో తమాషా ఏమిటో తెలియలేదు. ఆయన చెంచా కింద పెట్టి, మంచిది, చెయ్యి బాబూ, అని చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన మూసుకున్నాక మిగతావాళ్ళు తెరిచి ఉంచగలరా? సూపర్‌వైజరుతో సహా అందరూ గట్టిగా మూసుకున్నారు.

నేను తెరిచాను. ఆ రోజు నా కళ్ళు ఎవరూ తెరిపించలేదు, నేనే తెరిచాను. దేవుడు నన్ను క్షమించాడో లేదో గానీ, అంతమందిని అలా మూసిన కళ్ళతో చూడటం బాగుంది.

మా సంఘంలో పెద్దలు చేసే ప్రార్థన ఎంత పొడుగ్గా సాగగలదో ఆ టేబుల్‌కు తెలియదు. కంపెనీ కోసం ప్రార్థించాను. మిషన్ల కోసం, వాటి బెల్టుల కోసం, వర్షాల కోసం, రోడ్ల మీద తిరిగే షేర్ ఆటోల కోసం ప్రార్థించాను. కిటికీ బయట కూర్చున్న మూగజీవి కోసం కూడా ప్రార్థించాను. బిర్యానీ చల్లారిపోతూ ఉంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య, సూపర్‌వైజరు పళ్ళెంలోని గుడ్డును రెండు వేళ్ళతో ఎత్తి నా పళ్ళెంలో పెట్టుకున్నాను. తర్వాత గొంతు పెంచి చివరి మాట అన్నాను.

"తండ్రీ, ఈ సారుగారి అమ్మగారిని కాపాడు. ఆమె కన్ను మూయకుండా చూడు."

ఆయన రెప్పలు వణికాయి. మేనేజరు పక్కన ఉండగా తెరవలేకపోయాడు. నేను ఆమెన్ అనడానికి తొందరపడలేదు.

కళ్ళు తెరిచాక ఆయన మొదట తన పళ్ళెంలోకి చూశాడు, తర్వాత నా పళ్ళెంలోకి. అందులో రెండు గుడ్లున్నాయి. నేను ఒకటి తీసుకుని, మెల్లగా, ఆయన వైపే చూస్తూ తిన్నాను. రెండోదీ తిన్నాను. మేనేజరు, ప్రార్థన చాలా బాగుంది బాబూ, అన్నాడు. నేను సూపర్‌వైజరు వైపు తిరిగాను.

"గుడ్డు తిన్నరా సార్?"

మేనేజరు కూడా తల తిప్పి ఆయన వైపు చూశాడు. పళ్ళెం అంచున వేళ్ళు బిగించి, ఆయన అన్నాడు.

"తిన్న."

ఉప్పు సరిపోయిందా అని అడిగాను.