కొటేషన్ గారి గోడ

ఓడరేవు ఆఫీసులో తాళ్ళూ మేకులూ చీపుళ్ళూ కొనే విభాగాన్ని ముప్పై నాలుగేళ్ళు ఏలి రిటైరైన ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ కొటేషన్ గారనే అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అయితే సార్. ఇంట్లోకి చీపురు కావాలన్నా మూడు కొట్లలో ధరలు రాయించుకుని, మూడు కాగితాలూ ఒక పిన్నుకి గుచ్చితే గానీ ఆయనకి మనసొప్పదు. ఈలోపు దుమ్ము పేరుకుంటే పేరుకుంటుంది, పద్ధతి ముఖ్యం.

ఆయన ఇల్లు సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. కొన్ననాటికే అది పాత ఇల్లు. సముద్రం వైపు గదిలో గోడ ఏడాది పొడుగునా చెమర్చేది. పెచ్చులు ఊడేవి, మూలల్లో నల్లగా బూజు పట్టేది. ఆ గదిలో పడుకునే ఆయన భార్యకి దగ్గు పట్టుకుని రెండేళ్ళయింది. “మందు నేనిస్తాను. గోడ మాత్రం మీరే బాగుచేయించుకోవాలి” అన్నాడు డాక్టరు. ఆవిడ మంచం తీసుకెళ్ళి వంటింటి పక్కన సామాన్ల గదిలో, డబ్బాల మధ్య వేసుకుంది. ఆ గదికి కిటికీ లేదు. తన గదీ, తన కిటికీ తనకి మళ్ళీ దక్కితే చాలు, ఆవిడ ఇంకేమీ అడగలేదు. “ఏవండీ, ఆ గోడ సంగతి చూడండి” అని మొత్తుకోవడం తప్ప.

చివరికి కొటేషన్ గారు కదిలారు. కదిలారంటే పెయింటర్ని పిలిచారని కాదు. పన్నెండు షరతులతో ఒక ఫారం తయారుచేశారు. రెండో షరతు, పని పది రోజుల్లో ముగించవలెను. ఒప్పుకోనివారు రానక్కర్లేదు. గేటుకి నోటీసు అంటించి, ఆదివారం పొద్దున్నే వరండాలో బెంచీ వేయించి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు.

ముగ్గురొచ్చారు. మొదటివాడు ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, టీ తాగొస్తానని వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. రెండోవాడు ఊళ్ళో నాలుక మేస్త్రిగా పేరుపడ్డ ముసలాయన. ఫారం మీద ఒక చూపు వేసి, ముట్టుకోకుండా తిన్నగా గదిలోకి వెళ్ళి, గోడని వేలి కణుపులతో కొట్టి చూసి, వేలితో కాస్త పొడి గీరి నాలుక మీద వేసుకున్నాడు.

“ఉప్పు తేలిందండి. ఇది రంగు పని కాదు. పైన వాన గొట్టం పగిలి నీళ్ళు గోడలోకి దిగుతున్నాయి. గొట్టం మార్పించి, పూతంతా గోకేసి, మంచినీళ్ళతో కడిగి, నెల్లాళ్ళు ఆరబెట్టాలి. రంగు సంగతి ఆ తర్వాత.”

“నెల్లాళ్ళా! రెండో షరతు చదివావా?”

“నేను చదివానండి. గోడే చదవలేదు.”

కొటేషన్ గారు ఆయన పేరుకెదురుగా సున్నా వేసి, రిమార్కుల గడిలో ‘గోడను నాకుచున్నాడు’ అని రాశారు.

మూడోవాడు పన్నెండు షరతులకీ పన్నెండుసార్లు “అలాగే సార్” అన్నాడు. పైగా ఫారంలో సారు దస్తూరీ ముత్యాల్లా ఉందన్నాడు. ఇంకేం కావాలి, పని వాడిదే. తొమ్మిది రోజుల్లో ముగించేశాడు. గోడ నీలంగా నిగనిగలాడిపోయింది. కొటేషన్ గారు మురిసిపోయి, వాడు అడక్కుండానే మెచ్చుకోలు పత్రం రాసి సంతకం పెట్టారు. ఆవిడ మంచం తిరిగి గదిలోకి తెచ్చుకుని, కిటికీ తలుపులు బార్లా తీసుకుంది.

మూడో వారానికల్లా గోడ మీద బొబ్బలు లేచాయి. “వాతావరణం” అన్నారు కొటేషన్ గారు. బొటనవేలితో ఒక్కో బొబ్బనీ నొక్కి చూశారు. వెనకాల ఆవిడ పక్కలు పట్టేసేలా దగ్గుతోంది. ఈయన మాత్రం ఏ షరతు కింద వాణ్ణి నిలదీయాలా అని ఫారం వెతుక్కుంటున్నారు. ఇలాంటి మనిషిని చూసి నవ్వాలో నెత్తిన ఒకటి మొట్టాలో తెలీదు. ఫోన్ చేస్తే పెయింటరు “అలాగే సార్” అని పెట్టేశాడు.

మర్నాడు ఆయన రిజిస్టర్డ్ నోటీసు పంపడానికి పోస్టాఫీసుకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వరండా నిండా నీలం పెచ్చులు, గదిలో ఇటుకలు తేలిన గోడ, నిచ్చెన మీద నాలుక మేస్త్రి.

“ఎవర్నడిగి పిలిచావ్? కనీసం మూడు కొటేషన్లు తీసుకోవద్దూ?”

“తీసుకున్నానండీ” అంది ఆవిడ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. “డాక్టరు ఒకటి, మేస్త్రి ఒకటి, నా ఊపిరితిత్తులు ఒకటి. మూడూ ఒకే మాట.”

గొట్టం మారింది. గోడ కడిగారు, ఆరబెట్టారు, మళ్ళీ కడిగారు. కొటేషన్ గారు రోజుకి నాలుగుసార్లు వెళ్ళి అరచెయ్యి ఆనించి “ఆరినట్టే ఉందే” అనేవారు. “లేదండి” అనేవాడు మేస్త్రి. ముప్పై ఆరు రోజుల తర్వాత, ఒకనాటి మధ్యాహ్నం, మేస్త్రి డబ్బా మూత తీశాడు. ఉత్త తెల్ల రంగు. రంగు వాసన పోయాక ఆవిడ మంచం కిటికీ కిందికి చేరింది. వర్షాలు వచ్చి వెళ్ళాయి. గోడ చెమర్చలేదు. దగ్గు ముందు తగ్గింది, తర్వాత ఆవిడే మర్చిపోయింది.

ఒకరోజు పక్కింటాయన తన ఇంట్లోనూ పెచ్చులూడుతున్నాయని గోడ చూడ్డానికి వచ్చాడు. కొటేషన్ గారు వెనక చేతులు కట్టుకుని గోడ ముందు నిలబడ్డారు.

“అంతా పద్ధతిలో ఉందండీ. ముందు గొట్టం చూడాలి. తర్వాత గోకుడు. పెయింటర్లకి తొందరెక్కువ. నెల దాటేదాకా బ్రష్షు ముట్టుకోనిచ్చానా నేను!”

టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చిన ఆవిడ అక్కడే ఆగింది. రెండేళ్ళ కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చింది. కానీ గొంతు పెంచలేదు. కప్పు పక్కింటాయన చేతికిచ్చి అంది:

“ఈయన పద్ధతి మంచిదే అన్నయ్యగారూ. కాకపోతే అది మీ ఇంట్లో మొదలవ్వాలంటే వదినగారు రెండేళ్ళు దగ్గాలి. ఆవిణ్ణి ఓమాటడిగి చూడండి.”

కొటేషన్ గారు గోడ వైపు తిరిగి అరచెయ్యి ఆనించి చూశారు. పక్కింటాయన గబగబా టీ తాగేసి, మేస్త్రి నంబరు ఆవిణ్ణి అడిగి రాసుకుని వెళ్ళాడు.