జీడి తొక్కల మంట మీద వేణ్ణీళ్ళు

నిన్న పలాసలో మా ఇంట్లో గీజరు పనిచేయడం మానేసింది. మెకానిక్ వచ్చి లోపలి కాయిల్ బయటికి తీస్తే, దాని చుట్టూ తెల్లగా సున్నపు పెచ్చు కట్టి ఉంది.

"మన నీరు ఇలాగే సేత్తాదమ్మా. ఈ పెచ్చుంటే నీరు ఏడెక్కదు. మీరు ముట్టుకోకండి, షాక్ కొట్టేత్తాది" అంటూ కొత్త కాయిల్ బిగించాడు.

ఆ పెచ్చు చూడగానే ఉద్దానంలో మా నాన్నమ్మ పెరట్లో ఉండే రాగి కాగు గుర్తొచ్చింది. దాని లోపల కూడా అంతే తెల్లగా ఉండేది. మీ ఇళ్ళలోనూ ఉండేది కదూ? మసి పట్టిన అడుగు, కొబ్బరి డొక్కల మంట, స్నానం చేశాక కూడా ఒంటిని వదలని ఆ పొగ వాసన!

ఒక తుపాను రోజు పొద్దున్నే మా చెల్లి ఆ ఇంట్లోనే, నెలలు నిండకుండానే పుట్టింది. ఒళ్ళంతా చల్లగా ఉంది. సన్నగా మూలగడమే తప్ప ఏడవడం లేదు. కొబ్బరిచెట్లు పడి ఆసుపత్రికి వెళ్ళే దారులు మూసుకుపోయాయి. కట్టెలన్నీ తడిసిపోయాయి.

"జీడి తొక్కలు తేవే! నూనుంటాది, తడిసినా మండుతాయి" అంది నాన్నమ్మ నాతో.

వసారాలోకి తెచ్చి పెట్టిన కాగు కింద మంట భగ్గున లేచింది. నాన్నమ్మ వేణ్ణీళ్ళు సీసాల్లో పోసి, పాత చీర ముక్కలు చుట్టి, పాప చుట్టూ పేర్చింది. చల్లారిన సీసా తీసి వేడిది పెడుతూ, పొగకి కళ్ళలోంచి కారే నీళ్ళు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది.

మధ్యాహ్నానికి చెల్లి గుక్కపెట్టి ఏడ్చింది.

"ఏడు తల్లీ, ఇంకా ఏడు" అంది నాన్నమ్మ. ఏడవమని ఒకరు ఇంకొకరిని బతిమాలడం నేను చూసింది ఆ రోజే.