బ్రాకెట్లో నాలుగక్షరాలు

ఇంతకాలం నాకు అన్నం పెట్టి, నా చేతి తప్పును నా చేతనే దిద్దించిన దేవునికి స్తోత్రం. ఆ దిద్దుబాటు సంగతి చెబుతాను.

1974 జూన్‌లో పత్తర్‌గట్టి వెనుక ఉన్న ఒక ఎయిడెడ్ జూనియర్ కాలేజీలో సీనియర్ అసిస్టెంటుగా చేరాను. చేరిన నెలలోనే చరిత్ర లెక్చరర్ పోస్టుకు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్క దరఖాస్తునూ నిబంధనలతో సరిచూసి అర్హుల జాబితా తయారుచేయడం నా పని. దాన్ని స్క్రూటినీ అంటారు. ప్రిన్సిపాల్ సంతకం అయ్యాక జాబితా నోటీసు బోర్డు కెక్కుతుంది. అందులో పేరున్నవారినే ఇంటర్వ్యూకు పిలుస్తారు. కావలసిన అర్హత ఎం.ఏ.

లాడ్ బజార్‌లో తన మేనమామ గాజుల దుకాణంలో కూర్చునే నర్సింగరావు అనే ఆయన దరఖాస్తులో బి.ఏ. అని, పక్కన బ్రాకెట్లో ఆనర్స్‌కు గుర్తుగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఒక చుక్క ఉన్నాయి. నేను ఆ బ్రాకెట్‌ను ఎర్ర సిరాతో కొట్టేసి, 'ఎం.ఏ. లేదు, అనర్హుడు' అని రాశాను.

అలా కొట్టేయడం నాకు అంతకుముందు పనిచేసిన ఆఫీసులో అబ్బిన అలవాటు. ఆ రోజుల్లో ఆనర్స్ తప్పినవారికి మామూలు డిగ్రీ ఇచ్చేవారు. వారిలో కొందరు తలుపు మీది బోర్డుకూ పెళ్లి కార్డుకూ ఆ బ్రాకెట్ తగిలించుకునేవారు. అలాంటి ముగ్గురిని పట్టుకున్నాక, బ్రాకెట్ అంటేనే అబద్ధమని నాకు నేనే ఒక నిబంధన పెట్టుకున్నాను.

జాబితా నోటీసు బోర్డు కెక్కాక, శనివారం మధ్యాహ్నం నర్సింగరావు వచ్చాడు. నలభైకి దగ్గర పడిన మనిషి. గాజులు వరుసగా తొడిగిపెట్టే అట్టగొట్టంలోంచి అసలు పట్టా తీసి బల్ల మీద పరిచాడు.

"నా పేరెందుకు లేదు సార్?"

ఎం.ఏ. లేదు కదా అన్నాను.

ఆయన బల్ల మీదున్న తన దరఖాస్తులో నా ఎర్రగీత వైపు వేలు చూపించాడు. "గిది మూడేండ్లు సదివితె వచ్చింది. మీరు ఒక్క గీతల తీసేసిన్రు. వచ్చే ఏడు నా వయసు దాటిపోతది సార్. మళ్ల అర్జీ పెట్టనీకి ఉండదు."

ఆయన వెళ్లాక అటెండర్ మల్లేశం నవ్వాడు. "ఎరుకలేదా సార్? బజార్ల ఆయన్ను ఆనర్స్ సాబ్ అంటరు. 'ఆనర్స్ సాబ్, డజనుకు ఎంత కమ్ చేస్తవ్' అని మస్తు సతాయిస్తరు. పాపం, కోపం గూడ రాదు."

నిబంధనల పుస్తకం మళ్లీ తీశాను. అర్హతల పేజీ అడుగున సన్న అచ్చులో ఒక గమనిక ఉంది: కోస్తా వైపు విశ్వవిద్యాలయాల పాత మూడేళ్ల ఆనర్స్‌ను ఈ పోస్టుకు ఎం.ఏ.తో సమానంగా చూడాలి. తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల నర్సింగరావు అక్కడే చదివాడు. ఆయన పరిచిన పట్టాలో ఆనర్స్ రెండో శ్రేణిలో పాసైనట్టు స్పష్టంగా ఉంది. ఆ గమనిక నేను ఎన్నడూ చదవలేదు.

ఇంటర్వ్యూ సోమవారం. పేరు చేర్చాలంటే ప్రిన్సిపాల్‌కు కారణం చూపుతూ నోట్ పెట్టాలి. ఇలాంటి చోట ఆఫీసుల్లో వాడే వాక్యం ఒకటి ఉంది: 'అభ్యర్థి పత్రాలు ఆలస్యంగా సమర్పించినందున.' నా కలం దాన్ని దానంతటదే రాసింది. రాశాక చదువుకున్నాను. ఆ వాక్యం నన్ను కాపాడుతుంది. కానీ ఆలస్యంగా ఇచ్చిన పత్రాన్ని ఇంటర్వ్యూ కమిటీ తోసిపుచ్చవచ్చు. అప్పుడు ఆయన రెండోసారి, ఈసారి నా అబద్ధంతో, బయటికి పోతాడు.

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో పాపపు ఒప్పుకోలు ప్రార్థన చదివించేది నేనే. రేపు ఆ మాటలు ఏ నోటితో చదివించాలి? ఆ కాగితం చింపేశాను. 'నిబంధన చదవకుండా నేను చేసిన పొరపాటు' అని రాసి, కింద పూర్తి సంతకం చేసి ప్రిన్సిపాల్ ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఇది మీ సర్వీస్ రిజిస్టర్ల ఎక్కుతది. సోంచాయించే రాసిన్రా?"

ఆలోచించే రాశానన్నాను. ఆయన సంతకం పెట్టారు. మల్లేశం సైకిల్ మీద లాడ్ బజార్‌కు వెళ్లి ఇంటర్వ్యూ కాగితం ఇచ్చి వచ్చాడు. నాకు హెచ్చరిక మెమో వచ్చింది. అది ఇప్పటికీ రిజిస్టర్‌లో ఉంటుంది.

నర్సింగరావు ఎంపికలో రెండో స్థానంలో నిలిచాడు. మొదటి అభ్యర్థి చేరకపోవడంతో జులై చివర ఆయనను పిలిచారు. గది తలుపుకు బోర్డు రాయించాలి, పేరు పక్కన ఏం పెట్టమంటారని అడిగాను. ఈసారి బ్రాకెట్‌తో సహా పెడదామని నా ఉద్దేశం.

"పేరు రాయిస్తె సాలు సార్," అన్నాడు. "గా ముచ్చట మీ రిజిస్టర్ల సక్కగుంటె సాలు. తలుపుకెందుకు?"

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నిబంధన అడుగు గమనిక వరకూ చదవకుండా ఏ దరఖాస్తు మీదా ఎర్ర సిరా పెట్టలేదు. ముగ్గురు అబద్ధమాడితే నాలుగోవాడి పట్టా అబద్ధం కాదు. ఎవరి పత్రాన్ని వారిదిగానే చూడాలి. స్క్రూటినీ అంటే అంతే.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మా బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితం వెనుక ఉన్న మనిషిని మేము చూసేలా చేయుము. ఆమేన్.