జోగమ్మకు మొదట వడ్డించారు

ఏళ్ళుగా ఒకటి మోస్తున్నాను. బరువనే అనుకునేదాన్ని. బరువైతే ఎక్కడో ఒకచోట దించుకుని కాసేపు కూర్చోవచ్చు కదా. ఇది కంపు. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని నలుగురిలో కూర్చున్నా నాకు తెలుస్తూనే ఉంటుంది. మా ఆఫీసులో అందరూ నన్ను మహా శుభ్రం మనిషి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా లేచి వెళ్ళి మళ్ళీ చేతులు కడుక్కుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది ఆడపిల్లల ప్రైవేటు హాస్టల్ స్కూల్లో. భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డులో, అడవి మొదలయ్యేచోట ఉంటుంది. పేరు చెప్పను. పెట్టింది ఒక పంతులమ్మ. భర్త పోయాక, పిల్లాజెల్లా లేక, ఒక పెంకుటింట్లో పదిమందికి మించని ఆడపిల్లలతో మొదలుపెట్టిందట. ఆవిడని అందరూ పెద్దమ్మగారు అనేవాళ్ళు. నేను చేరేనాటికే ఆవిడ లేదు. దండ వేసిన ఫోటో ఉండేది.

ఆ బడికి ఒక ఆచారం ఉంది. దాన్ని చూసుకుని వాళ్ళు ఎంత మురిసిపోతారో చెప్పలేను. మొదటి సంవత్సరం ఎవరో పిల్ల బెల్లం దొంగిలించిందట. పెద్దమ్మగారు బెత్తం పట్టలేదు, పేరు అడగలేదు. తీసిన పిల్ల తనంతట తాను లేచి నిలబడేదాకా ఎవరూ తినొద్దంది. తనూ తినకుండా కూర్చుంది. చివరికి ఆ పిల్ల లేచింది. పెద్దమ్మగారు దగ్గరికి తీసుకుని అందరికంటే ముందు ఆ పిల్లకే వడ్డించి, తర్వాత చెడిన పనిని దాని చేత్తోనే బాగు చేయించిందట. అప్పటినుంచీ అదే పద్ధతి. తప్పు చేసిన పిల్ల లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆ పిల్లకు మొదట వడ్డిస్తారు, తర్వాత పాడైనది ఆ పిల్లే సరిచేయాలి. మా బడిలో దెబ్బలు లేవని తల్లిదండ్రులకు గొప్పగా చెప్పేవాళ్ళు. మా నాన్న నన్ను అక్కడ వేసింది కూడా ఆ మాటకు పడిపోయే.

మాది మణుగూరు. నాన్నకి బొగ్గు గనుల్లో గుమాస్తా ఉద్యోగం, కాలనీలో క్వార్టరు. కాలనీ పిల్లలం ఫీజు కట్టి చదివేవాళ్ళం. అడవి పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఉచితం. ఇద్దరికీ ఒకటే గది, ఒకటే తిండి అని బడివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నిజమే. కానీ ఎవరు ఎవరో అందరికీ తెలుసు. నెలసరి వచ్చినప్పుడు ఇంకా బాగా తెలిసేది. మా అమ్మలు బజారులో ప్యాడ్లు కొని పంపేవాళ్ళు. పల్లె పిల్లలు పాత చీర చింపిన గుడ్డలు వాడుకుని, ఉతికి, స్టోరు రూము వెనక చీకట్లో ఆరేసుకునేవాళ్ళు.

వాడిన ప్యాడ్లను కాగితంలో చుట్టి వెనక గుంటలో పడేయాలి. ఆయా వాటిని కాల్చేది. గుంటకు పోవాలంటే వంటగది ముందు నుంచి నడవాలి. అక్కడ వంటమనిషి, వాచ్‌మన్ బీడీ కాలుస్తూ కూర్చుని ఉండేవాళ్ళు. చేతిలో కాగితం పొట్లంతో వాళ్ళ ముందు నుంచి నడవడం నాకు చావులా ఉండేది. తొమ్మిదో తరగతి. లెట్రిన్‌లో వేసి రెండు బకెట్లు నీళ్ళు కొట్టేదాన్ని. పోయేది. పోయిందనుకునేదాన్ని. నెలల తరబడి అదే చేశాను. తప్పని తెలుసా? తెలుసు. తెలిసీ ప్రతిసారీ ఇదొక్కసారే అనుకునేదాన్ని.

వానాకాలంలో పైపు పట్టేసింది. లెట్రిన్లన్నీ పొంగాయి. ఆ మురికి స్నానాల గదుల్లోకి, అక్కడి నుంచి మేము పళ్ళు తోముకునే కుళాయిల దాకా వచ్చింది. పురుగులు. పిల్లలు లంగాలు పైకి పట్టుకుని మడమల మీద నడిచారు. అదంతా నా చలవే.

ఆదివారం. వార్డెన్ మేడమ్ అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టింది. పైపులో ఎవరో ఏదో అడ్డం వేశారు, వేసినవాళ్ళే లేవాలి అంది. అని తన గదికి వెళ్ళిపోయింది. ఆనాడు పెద్దమ్మగారు పిల్లలతో పాటు పస్తు ఉందట. ఈవిడ గదిలోంచి కోడిగుడ్డు పొరటు వాసన వచ్చింది. మేము వాసన పీలుస్తూ కూర్చున్నాం. అన్నం గుండిగ మూత తీయలేదు. మధ్యాహ్నం గడిచింది. చిన్నపిల్లలు మొదట గుసగుసలాడారు, తర్వాత ఏడ్చారు, తర్వాత ఏడవడం కూడా మానేశారు.

నేను ఎందుకు లేవలేదు? దెబ్బలు లేవు, తిట్లు లేవు, చప్పట్లు కూడా కొడతారు. అయినా లేవలేదు. భోజనానికి ముందు ప్రార్థన చెప్పించేది నేనే. క్లాసులో ఫస్టు నేనే. ఈ పిల్ల వాడినవి ఈ పిల్ల అక్కడ వేసిందట అని అందరి కళ్ళూ నా మీద పడతాయని భయం. ఇంత మాత్రమే కారణమా? కాదనుకుంటా. లోపల ఎక్కడో, ఇంకెవరో ఒకరు లేస్తారులే అని ఒక ధీమా ఉంది. ఆ ధీమా నాకు ఎక్కడి నుంచి వచ్చింది? కాలనీలో పుట్టిన పిల్లకి పుట్టుకతో వచ్చే ధీమా అది. దాన్ని తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

లైట్లు వేసే వేళకి జోగమ్మ లేచింది.

జోగమ్మది చర్ల దగ్గర ఒక పల్లె. పోడు చేసుకునే ఇంటి పిల్ల. నా క్లాసే, నా పక్క మంచమే. లెక్కల్లో నాకంటే చురుకు, మాట్లాడడం తక్కువ. వాళ్ళ చెల్లెలు మూడో తరగతిలో ఉండేది. జోగమ్మ లేచి, "నేనే మేడమ్," అంది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆమెకు మొదట వడ్డించారు. ఆదివారమని గుడ్డు, నిలబడ్డందుకు ఇంకో గుడ్డు. ఆ రెండో గుడ్డు ఆమె చెల్లెలి కంచంలో వేసింది. తర్వాత మాకు వడ్డించారు. నాకు విపరీతంగా ఆకలేసింది. మారు అన్నం పెట్టించుకుని తిన్నాను. అన్నిటికంటే నాకు రోత పుట్టించేది ఆ మారు అన్నమే.

మర్నాడు పొద్దున జోగమ్మ చేత పైపు తీయించారు. మొదట వెదురు బద్దతో పొడిచింది. రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టింది. మేమందరం కొంగులూ చున్నీలూ ముక్కులకు అడ్డం పెట్టుకుని చుట్టూ నిలబడ్డాం. ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. ఉబ్బిపోయి, బూడిద రంగులో, ప్లాస్టిక్ పొరలు వేలాడుతూ. గుడ్డలు కావు. ప్యాడ్లు.

అక్కడున్న ప్రతి పిల్లకీ తెలుసు, జోగమ్మ గుడ్డలు వాడుతుందని. ఆమె జన్మలో ప్యాడు కొని ఎరగదని తెలుసు. వార్డెన్ మేడమ్‌కీ తెలుసు. కుప్పని చూసింది, జోగమ్మని చూసింది, కాలనీ పిల్లల వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. ఒక్కరు నోరు మెదపలేదు. ఇది అంతమంది పాపం అని పంచేసి నా వాటా తగ్గించుకోవాలని ఎన్నోసార్లు చూశాను. తగ్గలేదు. వాళ్ళది చూసీ చూడనట్టు ఊరుకోవడం. వేసింది నేను.

అందరూ పోయాక కుళాయి దగ్గరికి సబ్బు పట్టుకుని వెళ్ళాను. జోగమ్మ చెయ్యి ఇసకతో రుద్దుకుంటోంది.

"నేనే అని నీకు తెలుసా?" అన్నాను.

"అవ్, తెల్సు. నువ్వు ఒక్కనాడు గూడ గుంట దిక్కు పోంగ నేను జూడలే."

"మరి నువ్వెందుకు లేచినవ్?"

"నువ్వు లేస్తవని జూసిన. శానసేపు జూసిన. మా చెల్లెకు జరం. ఒళ్ళు కాల్తాంది. పొద్దటిసంది ఏం తినలే."

అప్పుడు నేను ఏం అనాలి? ఏదైనా అనొచ్చు. పద, వెళ్ళి మేడమ్‌కి చెబుదాం అనొచ్చు. కనీసం ఏడవొచ్చు. నేను అన్న మాట ఇది: "ఎవ్వరికీ చెప్పకు."

ఆమె చెయ్యి వాసన చూసుకుంది. "చెప్తే ఇది పోతదా ఏంది," అంది. "ఆ సబ్బు గిట్లియ్యి."

అంతే. మళ్ళీ మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు. అసలు మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. పిల్లలు ఆమె పక్కన తినడం మానేశారు. లెట్రిన్ జోగమ్మ అని పేరు పెట్టారు. మంచాలు మార్చుకునే రోజు వచ్చినప్పుడు నేను నా మంచం కిటికీ పక్కకి మార్పించుకున్నాను. గాలి కోసం అని చెప్పాను. దసరా సెలవులకి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంటికి పోయి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఉచిత సీట్లలో ఇంకెవరినో వేశారు.

ఇక్కడితో ఆగినా కొంత నయం. కొన్నేళ్ళకి బడి వార్షికోత్సవం ఘనంగా చేశారు. పాత విద్యార్థినిగా నన్ను పిలిచి, మన సంప్రదాయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డిగ్రీలో వక్తృత్వానికి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. స్టేజీ ఎక్కాను. బెల్లం కథ చెప్పాను. జనం ఆవులిస్తున్నారు. వాళ్ళని పట్టుకోవాలని జోగమ్మ కథ చెప్పాను. మురికి చెప్పాను, ఆకలి చెప్పాను, తన తప్పు తాను ఒప్పుకున్న అడవి బిడ్డ అన్నాను. పేరు దాచొచ్చు. దాచలేదు. పేరుంటే కథ నమ్ముతారు కదా. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు శాలువా కప్పారు. దిగివస్తూ నేను బాగా మాట్లాడానని నిజంగా సంతోషపడ్డాను. మీరు నన్ను ఎంత అసహ్యించుకున్నా ఆ సంతోషానికి చాలదు.

మొన్న దసరాకి మా పెద్దన్న కూతురు ఇంటికి వచ్చింది. ఆరో తరగతి, అదే బడి. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒకే సీతాఫలం ఒలుచుకు తింటుంటే, "అత్తా, జోగమ్మ కథ నీకెర్కేనా? జాయినైన దినమే మా ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పింది. ఛీ, గసుంటివి పైపుల ఏసిందంట," అని ముక్కు చిట్లించింది. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలకు చెబుతారట. నా ఉపన్యాసమే, మాట మార్చకుండా.

వాళ్ళ ప్రిన్సిపాల్ అంటే మా అప్పటి వార్డెన్ మేడమే. ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నాకు తెల్వదా ఏందమ్మా," అంది. "కాలనీ పిల్లలు పోతే బడి నడుస్తదా? ఇప్పుడు అదంత తవ్వితే ఎవరికి లాభం? పిల్లలకు మంచే చెప్తున్నం గద." పెట్టేసింది. ఆవిడ మీద అసహ్యం వేసింది. కాసేపటికి, ఆవిడ నాతో మాట్లాడింది ఒక పాత భాగస్వామితో మాట్లాడినట్టే అని అర్థమైంది.

జోగమ్మ ఎక్కడుందో వెతకలేదా అంటారు. వెతకలేదు. చర్ల ఎంత దూరమని? రోడ్లు బాగోలేవని, దారిలో పోలీసు క్యాంపుల దగ్గర ఆపి అడుగుతారని సాకులు చెప్పుకున్నాను. ఆమె ఎదురుపడి, పోనీలే అంటుందేమోనని అసలు భయం. ఆ మాట తీసుకునే మొహం నాకు లేదు. ఇది కూడా అందంగా అల్లుకున్న ఇంకో సాకేనేమో, నాకే నమ్మకం లేదు.

పాపకి మాత్రం చెప్పాను. మర్నాడు మళ్ళీ అరుగు మీద, పండు ఒలుస్తూ. ఆ పని చేసింది నేనని, చెయ్యి పెట్టి తీసింది ఆమె అని. పాప నా మొహం చూసింది, పండు మీద ఉన్న నా వేళ్ళు చూసింది. "మరి నువ్వెందుకు లేవలే అత్తా?" అంది. తన చెయ్యి గౌనుకి తుడుచుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నా చేత్తో పెట్టినది తినడం లేదు.

బాధ లేదని అనను. కానీ ఆ చూపు ఇన్నేళ్ళూ తప్పు చేయని మనిషి మీద ఉంది. ఇప్పుడు నా మీద పడ్డాక కొంచెం ఊపిరి ఆడుతోంది. నన్నెవరూ క్షమించలేదు, నేను అడగనూ లేదు. ఆ పైపులోంచి వచ్చినవి నావి. జోగమ్మవి కావు.