మీగడ కలిపిన చేయి

ఏళ్ల తరబడి, పూజ ముగించి కళ్లు మూసుకున్నప్పుడల్లా ఒక గిన్నె అడ్డం వస్తోంది. మీగడ గిన్నె. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

గద్వాలలో మాది నేత ఇల్లు. తొంభైల మొదట్లో అత్తమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. నూనె, నెయ్యి, వెన్న ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమెకేమో కోవా పూర్ణం పెట్టిన భక్షాలంటే ప్రాణం. అందుకని పాలు పోసే లింగమ్మ, మిషన్‌లో వెన్న తీసేసిన పాలు ఆమె కోసం విడిగా తెచ్చేది. నేను వాటిని నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో కట్టి, రాయి కింద పెట్టి, నీరంతా కారిపోయాక చక్కెర వేసి పిసికి, భక్షాల్లో పూర్ణంగా పెట్టేదాన్ని. పెనం మీద చుక్క నెయ్యి వేసేదాన్ని కాదు.

"ఏంది పిల్లా గిది? నూలు నమిలినట్టుంది," అనేది అత్తమ్మ. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఆ శుక్రవారం ఇంటికి చుట్టాలొచ్చారు. మా కోసం కాచిన మామూలు పాల గిన్నెలో మీగడ మందంగా కట్టి ఉంది. చేయి దానంతటదే అటు పోయిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. చేయి దానంతటదే పోతుందా? ఆమె నోట ఒక్క మంచి మాట కావాలనిపించింది. అంతే. మీగడ తీసి ఆమె పూర్ణంలో పిసికి కలిపేశాను.

దేవుడికి పెట్టి, అత్తమ్మకు వడ్డించాను. అడిగి మరీ మళ్లీ వేయించుకుంది. "ఇయ్యాల కుదిరింది బిడ్డా," అంది. అంతవరకు నన్ను బిడ్డా అని పిలవలేదు.

దీపాలు పెట్టే వేళకు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. జీపులో కర్నూలు దవాఖానకు తీసుకుపోయారు. ఆపరేషన్ చేస్తే గానీ బతకలేదు.

మామ తిరిగొచ్చి, వెన్న తీయని పాలు పోశావని లింగమ్మను గుమ్మంలో నిలబెట్టాడు.

"మిషిన్ల తిప్పినంక వెన్న ఏడుంటది పెద్దయ్యా? నీళ్ల లెక్కుంటయి," అంది లింగమ్మ.

మామ నావైపు తిరిగాడు. "నోట్లేసుకుంటే నీకు తెల్వలేదా బిడ్డా?"

"దేవునికి పెట్టకముందు నేనెట్ల రుచి చూస్త మామా? ఆనక తిందామన్నా, శుక్రవారం నాకు ఒక్కపొద్దు గదా."

ప్రతి మాటా నిజం. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెబుతూ, అబద్ధమాడొద్దన్నాడు. నిజం చెప్పి కూడా ఒకరిని ముంచవచ్చని ఆయన చెప్పలేదు. నా భక్తి తెలిసిన ఇల్లు కనుక ఇంకెవరూ ఏమీ అడగలేదు. లింగమ్మ ఒక్కతే నన్ను చూసింది.

"గీ అమ్మ మాట నిజమే పెద్దయ్యా. గానీ నా పాలు గూడ నిజమే," అని క్యాను ఎత్తుకుని పోయింది. తర్వాత మా వీధిలో ఆమె పాలు ఎవరూ పోయించుకోలేదు. ఎటు పోయిందో నేను వెతకలేదు.

అత్తమ్మ చాలాకాలం బతికింది. నా కోడలే నన్ను సాకిందని అందరికీ చెప్పుకుంది. ఆమెను దక్కించినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకున్నాను. ఆ దండంలో ఆమె బతికినందుకు ఎంత, నేను దొరకనందుకు ఎంత? ఇప్పటికీ విడదీయలేను.

లింగమ్మ పాలు నిజమే. మీగడ కలిపింది నేను.